ఆబాహని: ఢాకా నీలి జట్టు చరిత్ర

ఆబాహని లిమిటెడ్ బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని ధన్మండి పేటకు చెందిన క్రీడా క్లబ్. 1972లో ఆబాహని క్రీడాచక్ర పేరుతో మొదలై, 1989లో లిమిటెడ్ కంపెనీగా మారింది. క్రికెట్, హాకీ జట్లు కూడా ఉన్నా దీనికి పేరు తెచ్చింది ఫుట్‌బాలే. దేశ అగ్రశ్రేణి లీగ్‌ను 17 సార్లు గెలిచింది. వాటిలో 11 పాత ఢాకా లీగ్ కాలంలోవి, 6 ప్రొఫెషనల్ లీగ్ వచ్చాక గెలిచినవి. ఫెడరేషన్ కప్‌ను 12 సార్లు అందుకుంది. చొక్కా రంగు ఆకాశనీలం.

అయితే ఈ గెలుపులను మాత్రమే లెక్కపెడితే ఆబాహని చరిత్ర సగమే తెలుస్తుంది. బంగ్లాదేశ్‌లో అధికారం నెత్తురుతోనో తిరుగుబాటుతోనో చేతులు మారినప్పుడు మూడుసార్లు ఆ దెబ్బ ఈ క్లబ్ మీద కూడా పడింది. 1975లో, 1982లో, 2024లో జరిగింది అదే. దేశాధినేత కొడుకు పెట్టిన క్లబ్ కావడం దీనికి తొలి రోజుల్లో కలిసొచ్చింది. ఆ తర్వాత అదే మాటిమాటికీ మెడకు చుట్టుకుంది. అయినా జట్టు ప్రతిసారీ మళ్లీ మైదానంలోకి దిగింది. దిగేలా చేసింది ఆటగాళ్లూ అభిమానులూ తప్ప నాయకులు కారు.

పుట్టుక

ఆబాహని కన్నా ముందు చెప్పుకోవలసిన జట్టు ఒకటుంది. 1971 విముక్తి యుద్ధ సమయంలో తూర్పు పాకిస్తాన్ నుంచి సరిహద్దు దాటి వచ్చిన ఆటగాళ్లు భారతదేశంలో ‘స్వాధీన్ బంగ్లా ఫుట్‌బాల్ దళ్’గా ఏర్పడ్డారు. కెప్టెన్ జకారియా పింటూ, కోచ్ ననీ బసాక్. 1971 జులైలో పశ్చిమ బెంగాల్‌లోని కృష్ణనగర్‌లో నదియా జట్టుతో తొలి మ్యాచ్ ఆడారు. ఆటకు ముందు బంగ్లాదేశ్ జెండా ఎగరేశారు. భారత్ అప్పటికింకా ఆ దేశాన్ని గుర్తించలేదు కాబట్టి, అందుకు అనుమతించిన జిల్లా కలెక్టర్ మీద వేటు పడింది. ఆ జట్టు మొత్తం 16 మ్యాచ్‌లు ఆడి, సుమారు 5 లక్షలు పోగుచేసి యుద్ధ నిధికి ఇచ్చింది. కలకత్తాలో మోహన్ బగాన్ ఆటగాళ్లు గోష్ట పాల్ పేరిట జట్టు కట్టి వీరితో ఆడారు. బొంబాయిలో ఎదుటి జట్టు తరఫున క్రికెటర్ మన్సూర్ అలీ ఖాన్ పటౌడీ కూడా బరిలో దిగాడు. ఈ యాత్రలో తూర్జ హజ్రా అన్న మారుపేరుతో ఆడిన కుర్రాడు కాజీ సలాహుద్దీన్. మిడ్‌ఫీల్డ్‌లో ఆడినవాడు అమలేశ్ సేన్. దేశం వచ్చాక ఇద్దరూ ఆబాహనికి చేరారు.

క్లబ్ స్థాపకుడు షేక్ కమాల్, బంగ్లాదేశ్ జాతిపిత షేక్ ముజిబుర్ రహ్మాన్ పెద్ద కొడుకు. 1949 ఆగస్టు 5న పుట్టాడు. ఢాకా విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర విద్యార్థి. సితార్ నేర్చుకున్నాడు, క్రికెట్, బాస్కెట్‌బాల్ ఆడాడు. యుద్ధంలో ముక్తిసేన అధిపతి జనరల్ ఉస్మానీకి ఏడీసీగా పనిచేశాడు. 1960ల్లో ధన్మండి కుర్రాళ్లు ఆటస్థలం కోసం పెట్టుకున్న సంఘం ఒకటి అప్పటికే ఉంది. 1972లో కమాల్, అతని మిత్రులు కలిసి ఇక్బాల్ స్పోర్టింగ్ అనే జట్టును తీసుకుని, ఆబాహని క్రీడాచక్రగా మార్చి లీగ్‌లో దించారు. కమాల్ గురించి బంగ్లాదేశ్ రాజకీయాల్లో ఈనాటికీ తెగని వాదనలున్నాయి. ఫుట్‌బాల్ విషయంలో మాత్రం అతని చూపు చాలా ముందుంది.

అందుకు సాక్ష్యం 1974. యుద్ధం మిగిల్చిన శిథిలాల్లోంచి దేశం ఇంకా బయటపడలేదు. ఆ ఏడాదే వరదలు, కరువు. అటువంటి సమయంలో ఆబాహని ఐర్లండ్ నుంచి బిల్ హార్ట్ అనే కోచ్‌ను పిలిపించింది. స్వతంత్ర బంగ్లాదేశ్‌లో ఒక క్లబ్ విదేశీ కోచ్‌ను పెట్టుకోవడం అదే మొదలు. బంతిని గాల్లోకి బాది వెంటపడడం కాకుండా, నేల మీద చిన్నచిన్న పాస్‌లతో ముందుకు సాగే ఆటను ఢాకా ప్రేక్షకులు ఈ జట్టులో చూశారు. ఆ సంవత్సరమే ఆబాహని తొలి లీగ్ టైటిల్ గెలిచింది. ముందు ఏడాది, 1973లో, 24 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచిన సలాహుద్దీన్ ఈ జట్టుకు ముఖచిత్రం. అతని జుట్టునూ నడకనూ అనుకరించని కుర్రాడు అప్పటి ఢాకాలో అరుదు.

1975 ఆగస్టు, ఆ తర్వాత

1975 జులై 14న కమాల్‌కు సుల్తానాతో పెళ్లయింది. ఆమె ఢాకా విశ్వవిద్యాలయంలో పేరు తెచ్చుకున్న పరుగుల క్రీడాకారిణి. నెల తిరిగి ఒక్క రోజు గడిచింది. ఆగస్టు 15 తెల్లవారుజామున సైనికులు ధన్మండి 32వ రోడ్డులోని ముజిబ్ ఇంటి మీద దాడి చేసి, ముజిబ్ దంపతులతో పాటు ముగ్గురు కొడుకులనూ ఇద్దరు కోడళ్లనూ చంపేశారు. చిన్న కొడుకు రసెల్‌కు పదేళ్లు. కమాల్‌కు అప్పటికి 26.

క్లబ్‌కు స్థాపకుడు పోయాడు. అతని పేరు పైకి అనడమే ప్రమాదమైన రోజులు వచ్చాయి. ఆబాహని భవనం మీద దాడి జరిగింది, కప్పులు, సామాను పోయాయి. ఇక ఈ జట్టు పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. సలాహుద్దీన్ ఆ సమయంలోనే హాంకాంగ్ వెళ్లి కెరొలిన్ హిల్ క్లబ్‌కు ఆడాడు. విదేశంలో ప్రొఫెషనల్‌గా ఆడిన మొదటి బంగ్లాదేశీ అతనే. తర్వాత తిరిగి వచ్చి మళ్లీ నీలి చొక్కానే తొడుక్కున్నాడు.

అమలేశ్ సేన్ కథ ఇంకా గొప్పది. బొగురా నుంచి వచ్చిన ఈ మృదుభాషి ఆబాహనికి ఆడాడు, ఆట మానేశాక కోచ్‌గా అక్కడే ఉండిపోయాడు. 2017 అక్టోబర్‌లో మరణించేదాకా క్లబ్‌తో అనుబంధం తెగలేదు. టైటిళ్ల పట్టికలో ఇటువంటివారి పేరు ఉండదు. కానీ స్థాపకుడు లేని క్లబ్ నిలిచిందంటే వీరి వల్లే. 1977లో ఆబాహని లీగ్ మొత్తంలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా విజేత అయింది. రెండేళ్ల కిందట మూతపడుతుందనుకున్న క్లబ్ అది. ఆబాహని గెలిచిన 17 టైటిళ్లలో నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

మొహమ్మడన్‌తో పోటీ

ఢాకా మొహమ్మడన్ స్పోర్టింగ్ 1936 నాటిది. నలుపు, తెలుపు దాని రంగులు. ఆబాహని రాకముందే దానికి రెండు తరాల అభిమానులున్నారు. కొత్త దేశంలో పుట్టిన కొత్త జట్టు ఆ పెద్ద జట్టుకు ఎదురు నిలవడంతో ఢాకా రెండుగా చీలింది. ఢాకాయే కాదు, పల్లెలు కూడా. మ్యాచ్ దగ్గరపడితే మేడల మీద నీలి జెండాలు, నలుపు తెలుపు జెండాలు పోటాపోటీగా లేచేవి. ఒకే ఇంట్లో అన్న ఒక జట్టు, తమ్ముడు మరో జట్టు. స్టేడియంలో రెండు పక్షాలకూ వేర్వేరు గ్యాలరీలు. టికెట్ల కోసం తెల్లవారకముందే వరుసలు. ఆట ముగిశాక రాళ్లు రువ్వుకోవడం, లాఠీచార్జి మామూలైపోయాయి. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆ ఉత్సాహాన్ని తలచుకునేవారు ఈ సంగతిని కప్పిపుచ్చకూడదు.

1975 నుంచి 1996 వరకు లీగ్ దాదాపు ఈ ఇద్దరి మధ్యే తిరిగింది. ఆబాహని 1981లో గెలిచింది, 1983, 84, 85ల్లో హ్యాట్రిక్ కొట్టింది. మొహమ్మడన్ వెంటనే 1986 నుంచి మూడు లీగ్‌లు వరుసగా గెలిచి బదులు చెప్పింది. 1987లో టైటిల్ తేల్చే పోరును గొడవలకు వెరచి ఆర్మీ స్టేడియంలో ప్రేక్షకులే లేకుండా ఆడించవలసి వచ్చింది. దేశమంతా ఎదురుచూసే మ్యాచ్‌ను దేశంలో ఎవరూ చూడలేకపోయారు.

ఈ పోటీలో అన్నిటికన్నా చేదు రోజు 1982 సెప్టెంబర్ 21. ఆ మార్చిలోనే జనరల్ ఎర్షాద్ అధికారం చేజిక్కించుకుని సైనిక శాసనం విధించాడు. ఢాకా స్టేడియంలో లీగ్ మ్యాచ్. మొహమ్మడన్ ఒక గోల్ ఆధిక్యంలో ఉంది. ఆట చివరికొచ్చిన వేళ ఆబాహని ఆటగాడు కాజీ అన్వర్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ మొహసిన్ పట్టుకున్నాడు. బంతి గీత దాటాకే పట్టాడని ఆబాహని వాదన. రిఫరీ గోల్ ఇవ్వలేదు. ఆటగాళ్లు రిఫరీని చుట్టుముట్టారు, గ్యాలరీలు భగ్గుమన్నాయి, పోలీసులు బాష్పవాయువు వదిలారు. ఇటువంటి రభస ఢాకాకు కొత్త కాదు. కొత్తది ఆ రాత్రి జరిగింది. పోలీసులు క్లబ్‌కు వచ్చి ఆటగాళ్లను పట్టుకుపోయారు. కాజీ సలాహుద్దీన్, అష్రఫుద్దీన్ చున్ను, కాజీ అన్వర్, గులాం రబ్బానీ హెలాల్ అనే నలుగురిని సైనిక న్యాయస్థానంలో నిలబెట్టి జైలుశిక్షలు వేశారు. సలాహుద్దీన్, చున్నులను జెస్సోర్ జైలుకు, మిగతా ఇద్దరినీ రాజ్‌షాహీ జైలుకు పంపారు. దేశం మొత్తం ఆరాధించే ఆటగాళ్ల చేతులకు బేడీలు పడ్డాయి. ప్రజల్లో కోపం పెరగడంతో 17 రోజులకు వదిలిపెట్టారు. బంగ్లాదేశ్ ఫుట్‌బాల్ లోకం దీన్ని ‘బ్లాక్ సెప్టెంబర్’ అంటుంది. మైదానంలో రిఫరీతో తగువు రాజద్రోహంగా కనిపించిందంటే, అది ఆబాహని చొక్కా కావడం వల్లనే అని అభిమానులు నమ్మారు. వారి నమ్మకంలో న్యాయం ఉంది. ఆ మరుసటి ఏడాది మొదలైందే మూడు టైటిళ్ల వరుస.

విదేశీయులు, అస్లాం, మున్నా

1980ల్లో ఢాకా లీగ్‌లో డబ్బు, జనం రెండూ ఉండేవి. అందుకే మంచి విదేశీ ఆటగాళ్లు వచ్చారు. శ్రీలంక డిఫెండర్ పాకిర్ అలీ ఏళ్ల తరబడి ఆబాహనికి ఆడి ఢాకావాడే అయిపోయాడు. 1986 మెక్సికో ప్రపంచకప్‌లో ఇరాక్ జట్టులో ఉన్న సమీర్ షాకిర్, కరీం అల్లావీ మరుసటి ఏడాదే ఆబాహని చొక్కాలో కనిపించారు. సమీర్ షాకిర్ తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకు కోచ్‌గా వచ్చి, 1999 కాఠ్మండూ దక్షిణాసియా క్రీడల్లో ఆ దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణం అందించాడు.

స్వదేశీయుల్లో షేక్ మొహమ్మద్ అస్లాం పెద్ద స్ట్రైకర్. గాల్లో వచ్చే బంతిని తలతో గోల్‌లోకి కొట్టడంలో దిట్ట. 1984 నుంచి 1987 వరకు నాలుగేళ్లు వరుసగా లీగ్‌లో అత్యధిక గోల్స్ అతనివే.

మోనెం మున్నా గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి. నారాయణ్‌గంజ్ కుర్రాడు, డిఫెండర్, 1987లో ఆబాహనికి వచ్చాడు. ఫుట్‌బాల్‌లో అభిమానుల ప్రేమ సాధారణంగా గోల్స్ కొట్టేవారికి దక్కుతుంది. మున్నా గోల్స్ ఆపుతూ ఆ ప్రేమ సంపాదించాడు. 1991లో ఆబాహని అతనికి 20 లక్షల టాకాలు ఇచ్చింది. బంగ్లాదేశ్‌లో అంతకుముందు ఏ ఆటగాడికీ అంత మొత్తం ముట్టలేదు. అదే ఏడాది కోల్‌కతా ఈస్ట్ బెంగాల్ క్లబ్ మున్నా, అస్లాం, రూమీలను తీసుకెళ్లి కలకత్తా లీగ్ గెలిచింది. అప్పుడు ఈస్ట్ బెంగాల్ కోచ్ మన హైదరాబాద్ బిడ్డ సయ్యద్ నయీముద్దీన్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్. స్వయంగా డిఫెండర్ కాబట్టి మున్నా విలువ ఆయనకు తెలుసు. నయీముద్దీన్ ఆ తర్వాత ఢాకా వెళ్లి బ్రదర్స్ యూనియన్‌కూ బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ శిక్షణ ఇచ్చాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ స్వర్ణయుగం ఇక్కడ మసకబారిపోయాక కూడా దాని విద్య ఢాకాలో పనికొచ్చింది.

1994లో ఢాకాలోని పెద్ద క్లబ్బులు కూడబలుక్కుని ఆటగాళ్లకిచ్చే డబ్బు తగ్గించాయి. అలిగిన పేరున్న ఆటగాళ్లు చాలామంది ముక్తిజోద్ధా సంసద్ జట్టుకు తరలిపోయారు. మున్నా కదలలేదు. కుర్రాళ్లతో నిండిన ఆబాహనిని ముందుండి నడిపించాడు, లీగ్ గెలిపించాడు. 1995లో మయన్మార్‌లో జరిగిన నాలుగు దేశాల పోటీలో జర్మన్ కోచ్ ఆటో ఫిస్టర్ శిక్షణలో బంగ్లాదేశ్ తన తొలి అంతర్జాతీయ ట్రోఫీ అందుకున్నప్పుడు కెప్టెన్ అతనే. మూత్రపిండాల వ్యాధి ఆటను ఆపేసింది. సోదరి ఇచ్చిన కిడ్నీతో కొన్నేళ్లు బతికి, ఆబాహని మేనేజర్‌గా పనిచేస్తూ 2005 ఫిబ్రవరి 12న కన్నుమూశాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ధన్మండి 8వ నంబర్ రోడ్డు వంతెనకు అతని పేరు పెట్టారు. ఈ క్లబ్‌లో అందరికన్నా గొప్ప ఆటగాడు ఎవరంటే సలాహుద్దీన్ పేరు చెప్పేవారే ఎక్కువ. నా ఓటు మున్నాకే.

భారత గడ్డ మీద ఆబాహని గెలుపులు కొన్ని చెప్పుకోదగ్గవి. 1990 ప్రాంతంలో కోజికోడ్‌లో సేఠ్ నాగ్జీ ట్రోఫీ, 1994లో కోల్‌కతాలో చార్మ్స్ కప్, 2010లో గువాహటిలో బర్దలై ట్రోఫీ. క్రికెట్‌కు సంబంధించిన ఒక విషాదం కూడా ఈ క్లబ్ పేరుతో ముడిపడి ఉంది. భారత బ్యాట్స్‌మన్ రమణ్ లాంబా 1998 ఫిబ్రవరిలో ఆబాహని తరఫున మొహమ్మడన్‌తో ఆడుతూ, హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బంతి తలకు తగిలి మూడు రోజులకు చనిపోయాడు.

ప్రొఫెషనల్ లీగ్ కాలం

1990ల చివరికి జనం పలచబడ్డారు. 1997లో ఐసీసీ ట్రోఫీ గెలుపు, 1999 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ మీద విజయం బంగ్లాదేశ్ యువతను క్రికెట్ వైపు లాగాయి. ఫుట్‌బాల్ నిర్వాహకుల అలసత్వం కూడా తోడైంది. లీగ్ సమయానికి జరగడమే గగనమైంది. తప్పంతా క్రికెట్ మీదకు నెట్టడం సులువు గానీ అది నిజం కాదు.

2007లో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది. తొలి మూడు టైటిళ్లూ ఆబాహనివే. తర్వాత 2012లో, 2016లో, 2017-18లో గెలిచింది. 2016 టైటిల్ ఓటమి లేకుండా వచ్చింది. కోచ్ జార్జ్ కోటన్, హంగరీలో పుట్టిన ఆస్ట్రియన్. 2003లో బంగ్లాదేశ్‌ను దక్షిణాసియా దేశాల సాఫ్ పోటీలో విజేతగా నిలిపిందీ ఆయనే. ఇంతలో ఆటగాడు సలాహుద్దీన్ 2008లో దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ అధ్యక్షుడై 2024 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. ఆటగాడిగా సంపాదించిన ఆరాధన ఆ పదహారేళ్లలో చాలావరకు కరిగిపోయింది.

2019 ఏఎఫ్‌సీ కప్ ఈ కాలపు శిఖరం. పోర్చుగల్‌కు చెందిన మారియో లెమోస్ శిక్షణలో ఆబాహని చెన్నయిన్, మినర్వా పంజాబ్, నేపాల్‌కు చెందిన మనాంగ్ మర్స్యాంగ్డీలున్న గ్రూప్‌లో అగ్రస్థానం సాధించింది. ఢాకాలో చెన్నయిన్‌ను 3-2తో ఓడించింది. గువాహటిలో మినర్వాతో ఆఖరి మ్యాచ్‌లో గెలిస్తేనే ముందుకెళ్లే పరిస్థితి. చిట్టచివరి నిమిషాల్లో అఫ్గాన్ డిఫెండర్ మసీహ్ సైఘానీ గోల్ కొట్టాడు. బంగ్లాదేశ్ క్లబ్ ఒకటి ఆ దశ దాటడం అదే మొదటిసారి. తర్వాతి రౌండ్‌లో ఉత్తర కొరియా సైనిక జట్టు ‘ఏప్రిల్ 25’ ఢాకాకు వచ్చింది. ఆబాహని 4-3తో గెలిచింది. ఆ సాయంత్రం సోహెల్ రాణా దూరం నుంచి కొట్టిన గోల్ ఆసియా అంతటా చూశారు. ప్యాంగ్యాంగ్‌లో 0-2తో ఓడి, మొత్తం మీద ఒక్క గోల్ తేడాతో వెనుదిరిగింది.

ఆ లోపలే ఇంట్లో పరిస్థితి మారింది. పెద్ద వ్యాపార సంస్థ అండ ఉన్న బసుంధరా కింగ్స్ 2018-19లో అగ్రశ్రేణిలో అడుగుపెట్టి, ఆ ఏడాదే విజేత అయి, 2023-24 దాకా పూర్తయిన లీగ్‌లు ఐదింటినీ వరుసగా గెలిచింది. ఆబాహనికి కప్పులు మిగిలాయి. 2021 డిసెంబర్‌లో అదే బసుంధరాను 3-0తో ఓడించి ఇండిపెండెన్స్ కప్ తీసుకుంది. 2023 మే 30న కుమిల్లాలో మొహమ్మడన్‌తో జరిగిన ఫెడరేషన్ కప్ ఫైనల్ పాత రోజులను గుర్తుచేసింది. ఆబాహని విరామానికి 2-0 ఆధిక్యంలో ఉంది. మాలీ స్ట్రైకర్ సులేమాన్ దియాబాతే ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టడంతో 4-4 అయింది. షూటౌట్‌లో కప్పు మొహమ్మడన్‌కు పోయింది.

2024 తర్వాత

2024 ఆగస్టు 5న విద్యార్థుల ఉద్యమం ముందు కమాల్ అక్క షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయింది. అది కమాల్ పుట్టినరోజు కూడా. ఆ రోజే గుంపులు ఆబాహని క్లబ్ భవనంలోకి చొరబడి ధ్వంసం చేశాయి. దశాబ్దాల కప్పులు దోపిడీకి గురయ్యాయి. ముజిబ్ ఇల్లు తగలబడింది, మరుసటి ఫిబ్రవరిలో నేలమట్టమైంది. క్లబ్ ఛైర్మన్, హసీనా సలహాదారు సల్మాన్ ఎఫ్ రహ్మాన్ అరెస్టయ్యాడు. ఒక పార్టీ పెద్దల చేతిలో క్లబ్‌ను పెట్టిన ఫలితం ఇది. ఆ పెద్దల మీద ప్రజల కోపానికి కారణాలున్నాయి. కానీ ఒక దేశపు ఫుట్‌బాల్ జ్ఞాపకాలను సంచుల్లో ఎత్తుకుపోవడానికి ఏ కారణమూ చాలదు.

డబ్బు లేదు, విదేశీ ఆటగాళ్లు లేరు. కోచ్ మారుఫుల్ హక్ 2024-25 లీగ్ తొలి సగాన్ని పూర్తిగా స్వదేశీ కుర్రాళ్లతో ఆడించాడు. కింద పడిపోతుందనుకున్న జట్టు పైవరుసలోనే నిలిచింది. ఫెడరేషన్ కప్ ఫైనల్ చేరి, మైమెన్‌సింగ్‌లో బసుంధరాతో తలపడింది. తుఫాను, వెలుతురు లేమి వల్ల 1-1 దగ్గర ఆగిన మ్యాచ్‌లో మిగిలిన 15 నిమిషాలను వారం తర్వాత ఆడించారు. షూటౌట్‌లో బసుంధరా గెలిచింది. 2025 మే నెలలో ఆబాహని ఫకీరాపూల్ చేతిలో ఓడిన రోజున లీగ్ టైటిల్ మొహమ్మడన్‌కు ఖాయమైంది. 2002 తర్వాత ఆ క్లబ్‌కు అది తొలి లీగ్. ఆబాహని ఆ ఆగస్టులో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ లీగ్ అర్హత మ్యాచ్‌లో కిర్గిజ్‌స్తాన్‌కు చెందిన మూరస్ యునైటెడ్‌తో ఢాకాలో ఆడి 0-2తో ఓడింది.